చదవలేని జ్ఞాపకం ఉన్నట్టా, లేనట్టా?

కాలం చెల్లిన డ్రైవును కొత్త కంప్యూటరుకు కలపడంలో మూడు అంచెల పని ఉంటుంది. డ్రైవుకు సరిపడే కరెంటు, సరిపడే కేబులు అందించడం మొదటిది. డిస్కు మీది అయస్కాంతపు గుర్తులను సున్నాలూ ఒకట్లుగా చదవడం రెండోది. ఆ సున్నాలూ ఒకట్లూ ఉత్తరమో, ఫోటోనో, శుభలేఖో తేల్చుకోవడం మూడోది. మూడింటిలో ఏది కుదరకపోయినా డిస్కు ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. అయితే కనిపించకపోవడమూ లేకపోవడమూ ఒకటేనా? చదివే సాధనం లేని చోట రాసి ఉంచినది ఉన్నట్టా, లేనట్టా? జ్ఞాపకం గురించీ శబ్దం గురించీ వాదించుకుంటూ భారతీయ దర్శనాలు ఈ ప్రశ్నను వెయ్యిన్నర ఏళ్ల కిందటే వేసుకున్నాయి. అవి ఇచ్చిన జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. పాత డిస్కును ముందు పెట్టుకుని చూస్తే ఏ జవాబు ఎంతవరకు నిలుస్తుందో తెలుస్తుంది.

ఈ విచారణకు మెదక్ పట్టణం తగిన చోటు. 1990ల నడిమి నుంచి పదేళ్లకు పైగా, తెలుగు పట్టణాలన్నిటిలో జరిగినట్టే, ఇక్కడి శుభలేఖలు, కరపత్రాలు, జాతర పోస్టర్లు, పెళ్లి ఫోటోలు ఫ్లాపీల మీదికీ ఐడీఈ హార్డ్‌డిస్కుల మీదికీ చేరాయి. డీటీపీ సెంటర్లలో సీపీయూలు మారాయి, పాతవి అటకెక్కాయి. మెదక్‌కు దగ్గర్లోనే కుల్చారం ఉంది. కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి ఊరు అదేనని పండితులు చెబుతారు. మూలం చెక్కుచెదరకుండా ఉన్నా, చదివే దారి చెడితే కావ్యం మూర్ఛపోతుందని సుమారు ఆరు వందల ఏళ్ల కిందట గుర్తించి, ఆ మూర్ఛ తేర్చడమే పనిగా పెట్టుకున్నవాడు ఆయన. తన వ్యాఖ్యకు సంజీవని అని పేరు పెట్టింది అందుకే.

ముందుగా వస్తువు సంగతి. మూడున్నర అంగుళాల ఫ్లాపీలో ఒక్కో వైపు 80 ట్రాకులు, ఒక్కో ట్రాకుకు 18 సెక్టార్లు, ఒక్కో సెక్టారుకు 512 బైట్లు. రెండు వైపులా కలిపితే 14,74,560 బైట్లు. పెట్టె మీద 1.44 ఎంబీ అని రాసేది దీన్నే. నిమిషానికి 300 సార్లు తిరిగే ఆ పలక పూతలో అయస్కాంత దిశ ఎక్కడెక్కడ తిరగబడిందో డ్రైవులోని హెడ్డు పసిగడుతుంది. డ్రైవు పని అంతవరకే. ఒక మలుపుకూ ఇంకో మలుపుకూ మధ్య ఎడాన్ని కొలిచి అంకెలుగా మార్చేది మదర్‌బోర్డు మీది కంట్రోలరు. ఈ రెంటినీ 34 పిన్నుల కేబులు కలిపేది. ఇప్పటి మదర్‌బోర్డుల మీద ఆ కంట్రోలరూ లేదు, ఆ సాకెటూ లేదు. మూడున్నర అంగుళాల ఫ్లాపీలకు యూఎస్‌బీ డ్రైవులు దొరుకుతాయి. కంట్రోలరు వాటి లోపలే ఉంటుంది గనుక కంప్యూటరుకు పెట్టగానే పనిచేస్తాయి. అంతకు ముందుతరం అయిదుంబావు అంగుళాల ఫ్లాపీకి ఆ వెసులుబాటు లేదు. దానికి పాత డ్రైవునే సంపాదించి, గ్రీస్‌వీజిల్ లేదా క్రయోఫ్లక్స్ లాంటి చిన్న బోర్డు ద్వారా యూఎస్‌బీకి కలపాలి. ఈ బోర్డులు అంకెలను చదవవు. అయస్కాంత దిశ మారిన ప్రతి క్షణాన్నీ ఉన్నదున్నట్టు నమోదు చేసి, వాటి అర్థం తేల్చే పనిని సాఫ్ట్‌వేరుకు వదిలేస్తాయి. వినడమూ అర్థం చేసుకోవడమూ వేరువేరు పనులన్న సంగతి ఇక్కడ కళ్లకు కడుతుంది.

హార్డ్‌డిస్కులతో ఇబ్బంది తక్కువ. 40 పిన్నుల ఐడీఈ డిస్కులో కంట్రోలరు డిస్కుతోనే ఉంటుంది. పాత లాప్‌టాప్ డిస్కుకు 44 పిన్నులు. కరెంటు కూడా వాటి గుండానే అందుతుంది. 2003లో సాటా అనే కొత్త రకం కనెక్షను వచ్చాక ఈ సాకెట్లు ఒక్కొక్కటిగా మదర్‌బోర్డుల మీద నుంచి తప్పుకున్నాయి. ఐడీఈ నుంచి యూఎస్‌బీకి మార్చే కన్వర్టరు చవకగానే దొరుకుతుంది. పెద్ద డిస్కు తిరగడానికి 12 వోల్టులు కావాలి, అది యూఎస్‌బీ తీగ నుంచి రాదు. విడిగా అడాప్టరు పెట్టాలి. డిస్కు వెనక జంపరును మాస్టరు స్థానంలో ఉంచాలి. చాలా వైఫల్యాలకు ఈ రెండింటిలో పొరపాటే కారణం. ఐడీఈకి ముందునాటి డిస్కుల్లో మాత్రం డిస్కూ కంట్రోలరు కార్డూ జంటగా బతికాయి. ఏ కార్డుతో రాశారో ఆ తరహా కార్డుతోనే చదవాలి. ఒకటి పోతే రెండోది ఉన్నా లేనట్టే.

మూడో అంచె తెలుగువారికి మరీ కష్టమైనది. డిస్కు తిరిగింది, ఫైలు దొరికింది, తెరిస్తే రోమన్ అక్షరాల గందరగోళం. యూనికోడులో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా డీటీపీ పని అను, శ్రీలిపి వంటి ఫాంట్లతోనే నడిచింది. ఆ ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలకు కేటాయించిన అంకెల మీదే తెలుగు గుణింతాల ముక్కలు కూర్చుంటాయి. ఫాంటు ఉంటే అది తెలుగు, లేకపోతే అర్థంలేని రాత. ఫైలులో 'తెలుగు' ఎక్కడా లేదు. ఫాంటుతో కుదిరిన ఒప్పందంలో ఉంది. ఏ ఫాంటు, అందులోనూ ఏ వెర్షను అన్నది తెలిస్తే యూనికోడులోకి మార్చే సాధనాలున్నాయి. తెలియకపోతే ఊహించుకుంటూ అక్షరం అక్షరం పోల్చుకోవాలి.

ఇక దర్శనాల జవాబులు. సాంఖ్య దర్శనానికి చెందిన ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక ఏడో కారికలో ఒక పట్టిక ఉంది. ఉన్న వస్తువు కనిపించకపోవడానికి ఎనిమిది కారణాలు అందులో చెప్పాడు: మరీ దూరంగా ఉండడం, మరీ దగ్గరగా ఉండడం, ఇంద్రియం చెడడం, మనస్సు నిలవకపోవడం, వస్తువు సూక్ష్మం కావడం, మధ్యలో అడ్డు ఉండడం, బలమైనది కప్పేయడం, తనలాంటివాటిలో కలిసిపోవడం. జగత్తుకు మూలకారణమైన ప్రకృతి కంటికి కనిపించదు గనుక లేదనే వాదాన్ని తిప్పికొట్టడానికి చేసిన పట్టిక ఇది. పాత డిస్కుల పని చేసేవాళ్లు దీన్ని గోడకు అంటించుకోవచ్చు. దూరం, దగ్గర అన్నవాటికి ఇక్కడ పెద్దగా పని లేదు. మిగిలినవన్నీ నేరుగా వర్తిస్తాయి. కంట్రోలరు లేకపోవడం ఇంద్రియం చెడడమే. డిస్కూ తీగా బాగానే ఉండి, బయోస్‌లోనో ఆపరేటింగ్ సిస్టంలోనో ఆ పోర్టు ఆపేసి ఉంటే అది మనస్సు నిలవకపోవడం. పాతికేళ్లలో బలహీనపడ్డ అయస్కాంత గుర్తు సూక్ష్మం. ఫ్లాపీ పలక మీద పట్టిన బూజు, ఎప్పుడో పెట్టి మరచిన పాస్‌వర్డు అడ్డు. రోమన్ అక్షరాల వేషంలో ఉన్న తెలుగు, తనలాంటివాటిలో కలిసిపోవడం.

మిగిలిన ఏడో కారణం దగ్గర సాంఖ్యుల మాటను పరీక్షించి తీసుకోవాలి. పగటి వెలుగు కప్పేసినంత మాత్రాన నక్షత్రాలు లేకుండా పోవు. డిస్కులో ఫైలును డిలీట్ చేసినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. ఫైళ్లను అమర్చే ఫ్యాట్ పద్ధతిలో ఫైలు పేరులోని మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడుతుంది, లోపలి సమాచారం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. పేరు పోయినా వస్తువు ఉంది. కానీ ఆ చోటనే కొత్త ఫైలు రాస్తే, కింద పాతది దాగి ఉందని చెప్పడానికి వీల్లేదు, అది పోయింది. కార్యం కారణంలో ముందే ఉంటుందనీ, ఏదీ పూర్తిగా నశించదనీ చెప్పే సత్కార్యవాదం ఇక్కడ ఆగిపోతుంది. పూతలోని పదార్థం నశించలేదు నిజమే. డిస్కు ఉన్న ఇంటివాళ్లకు కావలసింది మాత్రం పదార్థం కాదు, ఒక అమరిక. ఆ అమరిక పోయింది.

న్యాయదర్శనానికి చెందిన నైయాయికులు ప్రశ్నను ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. లేదని ఎప్పుడు చెప్పవచ్చు? ఉండి ఉంటే తప్పక కనిపించేది అని చెప్పగల పరిస్థితి ఉన్నప్పుడే, కనిపించకపోవడం లేకపోవడానికి సాక్ష్యమవుతుంది. దీన్ని యోగ్యానుపలబ్ధి అన్నారు. వెలుతురున్న గదిలో బల్ల మీద కుండ కనిపించకపోతే కుండ లేదని చెప్పవచ్చు. చీకటి గదిలో ఆ మాట చెల్లదు. ఈ చిన్న నియమం ఎన్ని కుటుంబాల జ్ఞాపకాలను కాపాడగలదో ఆలోచించాలి. చదవలేని ఫ్లాపీని పెడితే విండోస్ "డిస్కు ఫార్మాట్ కాలేదు, ఇప్పుడు ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది. చదవలేకపోయానని చెప్పవలసిన చోట ఏమీ లేదని చెబుతుంది, పైగా ఉన్నదాన్ని చెరిపేందుకు అనుమతి అడుగుతుంది. తర్కశాస్త్రం ప్రకారం అది దోషమున్న అనుమానం. హెడ్డు మురికిగా ఉండవచ్చు, డ్రైవు అమరిక తప్పి ఉండవచ్చు, డిస్కు ఇంకో రకం యంత్రంలో రాసినది కావచ్చు. ఇవన్నీ తోసిపుచ్చేదాకా ఖాళీ అన్న నిర్ణయానికి హక్కు లేదు. అప్పటిదాకా ఆ ప్రశ్నకు 'వద్దు' ఒక్కటే సరైన జవాబు.

కానీ డిస్కులో ఉన్నదాన్ని జ్ఞాపకం అనడానికి నైయాయికులు ఒప్పుకోరు. సంస్కారం ఒక్కదాని నుంచే పుట్టే జ్ఞానం స్మృతి అని వాళ్ల నిర్వచనం. ఆ సంస్కారానికి భావన అని పేరు. అది ఆత్మలో మాత్రమే ఉంటుంది. రాతిలో, ఆకులో, లోహంలో ఉండదు. అనుభవించిన ఆత్మ ఏదో, గుర్తుచేసుకునే ఆత్మా అదే కావాలి. నిద్రపోతున్న సంస్కారాన్ని లేపడానికి ఒక ఉద్బోధకం ఉండాలి. ఏవేవి లేపుతాయో న్యాయసూత్రాల మూడో అధ్యాయం పెద్ద జాబితానే ఇచ్చింది: ఏకాగ్రత, అభ్యాసం, గుర్తు, పోలిక, ఎడబాటు, సుఖదుఃఖాలు, భయం, ఇంకా ఎన్నో. ఈ లెక్కన డిస్కు జ్ఞాపకాల గోదాము కాదు, ఉద్బోధకం మాత్రమే.

ఇది మాటల పట్టింపు కాదు. 1999లో తన పెళ్లి శుభలేఖను డీటీపీ సెంటర్లో దగ్గరుండి కూర్పించుకున్న మనిషి ఇప్పుడు ఆ ఫైలును తెరిచి చూస్తే, ఆమెలోని సంస్కారం లేస్తుంది. ఎవరి పేరు ముందు వేయాలన్న దాని మీద ఇంట్లో జరిగిన వాదులాట, ప్రూఫులో దొరికిన తప్పు, ఆ రోజు వాన, ఇవేవీ ఫైలులో లేవు. అయినా ఫైలు వల్లే తిరిగొస్తాయి. ఆమె కూతురు అదే ఫైలును చూస్తే కలిగేది స్మృతి కాదు, శబ్దప్రమాణం ద్వారా, అంటే ఇతరుల మాట ద్వారా, వచ్చిన జ్ఞానం. అది నిజమే, విలువైనదే, కానీ ఫైలులో ఎంత ఉందో అంతే. అనుభవించినవాళ్లు బతికుండగా చదివిన డిస్కు వేరు, వాళ్లు పోయాక చదివిన డిస్కు వేరు. రెండు సందర్భాల్లోనూ బైట్లు ఒకటే. డిస్కును చదవడం తొందరపడవలసిన పని కావడానికి అయస్కాంత గుర్తులు అరిగిపోవడం చిన్న కారణం; అసలు కారణం ఇది. సాంకేతిక సలహాల్లో ఇది కనిపించదు. అటక మీది డిస్కును ముందు ఎవరి ఎదుట తెరవాలో ఆలోచించి మరీ తెరవాలి.

మీమాంసకుల దారి మూడోది. శబ్దం నిత్యమనీ, ధ్వని దాన్ని పుట్టించదు, వ్యక్తం చేస్తుందంతేననీ వాళ్లంటారు. మెదక్ కెథడ్రల్‌లో ఈ మాటకు చక్కని సాక్ష్యం దొరుకుతుంది. కరువు రోజుల్లో జనానికి పని, తిండి చూపుతూ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన ఆ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. అందులోని రంగుటద్దాల కిటికీల మీద క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం చిత్రించి ఉన్నాయి. బయటి నుంచి పగటి వెలుగు పడితేనే లోపలివాళ్లకు ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దు గుంకితే కిటికీ నల్లబడుతుంది. సూర్యుడు బొమ్మను గీయడు, చీకటి దాన్ని చెరపదు. వెలుగు వ్యంజకం, అంటే చూపించేది; బొమ్మ వ్యంగ్యం, అంటే దాని వల్ల కనిపించేది. పాత డిస్కు విషయంలోనూ డ్రైవు వ్యంజకమేనని మీమాంసకుడు అంటాడు. మొదటి రెండు అంచెలకు ఈ మాట పూర్తిగా సరిపోతుంది. మూడో అంచెకు సరిపోదు. కిటికీలోని బొమ్మను చూడడానికి వెలుగూ కన్నూ చాలు. అను ఫాంటు ఫైలుకు వెలుగుతో పాటు ఆ ఒప్పందం తెలిసినవాడు కావాలి.

ఆ తెలిసినవాడు లేకపోతే ఏం మిగులుతుందో తెలుగు దేశానికి బాగా తెలుసు. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగి రేకుల మీద చెక్కి, తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. ఆ భాండారం శతాబ్దాల పాటు మూతపడే ఉంది. ఇరవయ్యో శతాబ్ది మొదటి పాదంలో రేకులు పండితుల దృష్టికి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటివారు వాటిని పరిష్కరించారు. లోహం చెక్కుచెదరలేదు. లిపి తెలిసినదే. ప్రతి పాట తల మీద రాగం పేరు ఉంది. పాట ఎలా పాడాలో మాత్రం రేకు మీద లేదు. అది పాడేవాళ్ల గొంతుల్లో ఉండేది, ఆ పరంపర తెగిపోయింది. రాళ్లపల్లివారు ఎన్నో కీర్తనలకు కొత్తగా వరసలు కట్టారు, తర్వాతి విద్వాంసులు ఇంకెన్నిటికో కట్టారు. ఇప్పుడు మనం వింటున్నది అన్నమయ్య మాట, ఇరవయ్యో శతాబ్ది పాట. రాగి రేకు ఆ కాలపు అత్యుత్తమ నిల్వ సాధనం. నిల్వ సాధనం ఎంత గట్టిదైనా చదువరుల వరస తెగితే సగమే దక్కుతుందనడానికి ఇంతకు మించిన రుజువు అక్కర్లేదు.

ఈ కథను పక్కన పెట్టుకుని చూస్తే సాంఖ్యులదీ నైయాయికులదీ చెరి సగం నిజం. గుర్తు ఉంటుంది; అది కనిపించకపోయినా ఉండగలదు. అర్థం గుర్తులో ఉండదు; చదివేవాళ్ల నడుమ, ఒకరి నుంచి ఒకరికి అందే పద్ధతిలో ఉంటుంది. గుర్తును కాపాడడానికి పెట్టె చాలు. అర్థాన్ని కాపాడడానికి చదవడం ఆగకుండా ఉండాలి.

వేదాధ్యయనం చేసేవాళ్లు ఈ సంగతిని ఎంత గట్టిగా పట్టుకున్నారో వాళ్ల పద్ధతే చెబుతుంది. పదపాఠం, క్రమం, జట, ఘన అంటూ ఒకే మంత్రంలోని మాటలను ముందుకీ వెనక్కీ తిప్పి వల్లించడం వల్ల ఒక్క అక్షరం జారినా బయటపడుతుంది. నిల్వా పరీక్షా చదువూ ఒకే మనిషిలో, ఒకే సమయంలో జరుగుతాయి. ఖురాన్‌ను కంఠస్థం చేసే హాఫిజ్‌లదీ ఇదే తోవ. క్రైస్తవుల ప్రభు భోజన సంస్కారంలో జ్ఞాపకం అనేది దాచుకున్న వస్తువు కాదు, మళ్లీ మళ్లీ కూడి చేసే పని. మెదక్ కెథడ్రల్‌లో రొట్టె విరిచిన ప్రతిసారీ ఆ జ్ఞాపకం కొత్తగా జరుగుతుంది. ఈ మూడు సంప్రదాయాలూ నిల్వను చదువరి నుంచి విడదీయలేదు. తాటాకు కొంత విడదీసింది, అయినా కన్నూ లిపీ చాలు. మరచిన లిపినైనా మళ్లీ పట్టుకోవచ్చు. బ్రాహ్మీ లిపిని 1837లో జేమ్స్ ప్రిన్సెప్ అలాగే పట్టుకున్నాడు. అయస్కాంత డిస్కు పూర్తిగా విడదీసింది. దాన్ని ఎంతసేపు కళ్లతో చూసినా ఒక్క అక్షరం తెలియదు. మనిషికీ రాతకూ మధ్య ఒక యంత్రం, ఆ యంత్రానికి ఒక తయారీ సంస్థ, ఆ సంస్థకు ఒక లాభనష్టాల లెక్క వచ్చి చేరాయి. సోనీ 2011లో ఫ్లాపీల అమ్మకం ఆపేసినప్పుడు ఏ పీఠమూ ఏ పరిషత్తూ ఆ నిర్ణయంలో లేవు.

చదవడం మొదలుపెట్టాక ఎలా చదవాలన్నది తర్వాతి ప్రశ్న. ఇక్కడ మల్లినాథుడి పద్ధతి నేరుగా పనికొస్తుంది. రఘువంశ వ్యాఖ్య పీఠికలో ఆయన రెండు నియమాలు పెట్టుకున్నాడు: మూలంలో ఆధారం లేనిది రాయడు, అవసరం లేనిది చెప్పడు. శ్లోకాన్ని అన్వయ క్రమంలో విప్పుతాడు, అర్థానికి నిఘంటువును, రూపానికి పాణిని సూత్రాన్ని చూపిస్తాడు, దక్షిణావర్తనాథుడు వంటి తన ముందువాళ్లను గుర్తుపెట్టుకుంటాడు. చదివేవాడు ఏ మెట్టు మీద ఏ ఆధారంతో నిలబడ్డాడో మరొకరు వచ్చి సరిచూసుకోవచ్చు.

పాత డిస్కు దగ్గర మొదటి నియమం ఒక పరికరంగా మారుతుంది. విండోస్ కొన్ని డిస్కులు తగిలించగానే అడగకుండానే వాటి మీద తన సొంత ఫోల్డరును రాస్తుంది. కనుక రాయడాన్ని అడ్డుకుని చదవడం ఒక్కటే సాగనిచ్చే రైట్ బ్లాకరును మధ్యలో పెట్టాలి. ఫ్లాపీకైతే మూలనున్న చిన్న పలకను జరిపి కన్నం తెరుచుకునేలా ఉంచితే చాలు. అయిదుంబావు అంగుళాలదానికి పక్కనున్న గాటును మూసేయాలి. ఫైళ్లను ఒక్కొక్కటిగా కాపీ చేసుకోవడం కాకుండా మొదటి సెక్టారు నుంచి చివరిదాకా మొత్తం డిస్కును ఒకే ఇమేజ్‌గా తీయాలి. లినక్స్‌లో డీడీరెస్క్యూ ఈ పని చేస్తుంది. బాగున్న భాగాలను ముందు చదివి, పాడైనచోట్లకు తర్వాత తీరిగ్గా తిరిగి వస్తుంది, ఏ సెక్టారు దక్కలేదో రాసిపెడుతుంది. దక్కనిదాన్ని దక్కినట్టు చూపించదు. ఆ నిజాయితీ వల్లే అది పండితుడి సాధనం లాంటిది. తీసిన ఇమేజ్‌కు ఎస్‌హెచ్‌ఏ-256 వంటి చెక్‌సమ్ కట్టి ఉంచితే, పదేళ్ల తర్వాత ఒక్క బిట్టు మారినా తెలిసిపోతుంది. ఘనపాఠి చెవి చేసే పని అది చేస్తుంది, అర్థం తెలియకుండా.

రెండో నియమమూ అంత ముఖ్యమైనదే. మసకబారిన ఫోటోను ఈ రోజుల్లో సాఫ్ట్‌వేరు లేని వివరాలు కల్పించి మెరుగు చేస్తుంది. చనిపోయిన తాతగారి ముఖంలో లేని గీత వస్తుంది. మెరుగు చేసిన ప్రతి ఉండవచ్చు, ఇమేజ్‌లో దొరికిన ప్రతిని మాత్రం ముట్టుకోకూడదు. తాళపత్రాల పనిలో ఇదే జాగ్రత్త పాటించిన సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాలకు అనేక తాళపత్ర ప్రతులు తెప్పించి, పండితుల చేత సరిచూపించి, పాఠభేదాలను నమోదు చేయించాడు. ఒక్క ప్రతిని నమ్మకపోవడం, తేడాను దాచకపోవడం ఆ పనిలోని ధర్మం.

కాపీ మూలంతో సమానమా అన్న ప్రశ్నకు బౌద్ధులు జవాబు చెప్పి ఉన్నారు. క్షణికవాదుల లెక్కలో నిన్నటి డిస్కే నేటి డిస్కు కాదు. పోలిక వల్ల ఒకటే అనుకుంటున్నాం. ఉన్నది సంతానం, అంటే కారణకార్యాల ప్రవాహం. అలా చూస్తే ఇమేజ్ ఫైలు ఆ ప్రవాహంలో తర్వాతి క్షణమే, తక్కువదేమీ కాదు. బైట్ల వరకు ఈ మాట ఒప్పుకోవచ్చు. లేబులు మీద చేత్తో రాసిన పేరు, అంచున అంటిన కుంకుమ బైట్లలోకి రావు. లేబులు అసలు చిన్న విషయం కాదు. పోయినదాన్ని వెతకాలంటే అది పోయిందన్న గుర్తయినా మిగలాలి; పూర్తిగా మరచినదాన్ని వెతకనైనా వెతకలేమని అగస్టీన్ తన కన్ఫెషన్స్ పదో భాగంలో వాదించాడు. లేబులు లేని పది ఫ్లాపీల కన్నా, లేబులున్న ఒక్క ఫ్లాపీకే చదువరి దొరికే అవకాశం ఎక్కువ. ఇమేజ్ తీసేటప్పుడు డిస్కుకు రెండు వైపులా ఫోటో తీసి పెట్టడం అందుకే.

అన్నిటికీ ముందు తేలవలసింది అధికారం, అంటే చదివే అర్హత. శాస్త్రం మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగింటిని తేల్చుకోవడం మన సంప్రదాయం. పాత సీపీయూను విప్పే ముందు ఈ నాలుగూ అడగాలి. చనిపోయినవారి డిస్కులో వాళ్ల లెక్కలూ ఫోటోలూ ఉంటాయి. ఎవరికీ చూపించదలచుకోని ఉత్తరాలూ ఉండవచ్చు. డీటీపీ సెంటరు డిస్కులోనూ ఫోటో స్టూడియో డిస్కులోనూ ఉన్నవి యజమానివి కావు, ఊళ్లోని వందల ఇళ్లవి. తైత్తిరీయ సంహిత మనిషికి మూడు రుణాలు చెప్పింది: అధ్యయనంతో తీరే ఋషిరుణం, యజ్ఞంతో తీరే దేవరుణం, సంతానంతో తీరే పితృరుణం. పితృరుణం పేరు చెప్పి తండ్రి డిస్కునంతా చదివేయడం సులువు. కానీ రుణం అంటే ఇవ్వవలసినది, తీసుకునే హక్కు కాదు. ఇక్కడ సాయపడేది ఋషిరుణం. ఆ రుణం చదివి ముందుకు అందించడంతో తీరుతుంది. ఏది అందించదగినదో తేల్చుకునే బాధ్యతా అందులోనే ఉంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం తన తర్వాత తన సమాచారం విషయంలో హక్కులు ఎవరు వాడుకోవాలో ముందే నామినేట్ చేసుకునే వీలు కల్పించింది. అధికారిని తనంతట తనే నియమించుకోవడం అది. అలా నియమించని పాత డిస్కుల విషయంలో ఇమేజ్ మొత్తం తీసి ఉంచి, పేర్లను బట్టి పెళ్లి ఫోటోల వంటి అందరివీ అయినవే తెరిచి, తక్కినవాటిని ఆ మనిషికి బాగా దగ్గరివాళ్ల మాట తీసుకున్నాకే తెరవడం మేలు.

చదవడం అయిపోయాక డిస్కును ఏం చేయాలన్నది చివరి ప్రశ్న. జీర్ణించిన తాళపత్ర గ్రంథాలను కొత్త ఆకుల మీద ఎక్కించి, పాతవాటిని నదిలో కలపడం ఒక ఆచారం. తాటాకు నీటిలో కలిసిపోతుంది. సీసం, ఇంకా ఇతర లోహాలు ఉండే సర్క్యూటు బోర్డును మంజీర నదిలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం దాన్ని నమోదైన రీసైక్లర్లకే చేర్చాలి. ఇచ్చే ముందు డిస్కు మొత్తాన్ని సున్నాలతో నింపాలి; మామూలు డిలీట్ లోపలి సమాచారాన్ని తీయదని పైన చూశాం. ఒక్క సెక్టారు అయినా దక్కకుండా మిగిలిన డిస్కును మాత్రం పారేయకూడదు. ఈ రోజు కంట్రోలరు చదవలేని బలహీనమైన గుర్తును, మలుపు మలుపునూ నమోదు చేసే బోర్డులు ఇప్పటికే కొన్నిసార్లు చదవగలుగుతున్నాయి. అలాంటి డిస్కును తేమ తగలని డబ్బాలో, లౌడ్‌స్పీకర్లకూ మోటార్లకూ దూరంగా పెట్టి, ఏ తేదీన ఏ డ్రైవుతో ఎంతవరకు చదివారో, ఏ సెక్టార్లు రాలేదో కాగితం మీద తెలుగులో రాసి అందులోనే ఉంచాలి.